ఎదురింటి బేరింగు ఉత్తరం

మొన్న మా ఆయన ఫోన్లో ఏదో నొక్కి, నుదుటికి కట్టుకునే టార్చిలైటొకటి తెప్పించాడు. కొరియరతను గేటు ముందు బండి ఆపి, పొట్లం నా చేతికివ్వకుండా చంకలోనే పెట్టుకుని, "క్యాష్ ఆన్ డెలివరీ అమ్మా. డబ్బులిస్తేనే ఇచ్చేది" అన్నాడు. అంతే, నాకు నవ్వు ముంచుకొచ్చింది. గేటు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. అతను బెదిరిపోయి, "ఏమైందమ్మా? నేనేమన్నా తప్పు మాట్లాడానా?" అన్నాడు. ఈలోగా లోపల మంచం మీంచి మా అత్తగారు, "ఏమే, టీచరమ్మ ఉత్తరం వచ్చిందా?" అని కేకేసింది. ఆ మాటతో నా నవ్వు కాస్తా ఏడుపైంది. కాసేపటికి మళ్ళీ నవ్వైంది. అతను డబ్బులు తీసుకుని వెనక్కి తిరిగి చూడకుండా బండెక్కి పోయాడు.

అతనికేం తెలుసు పాపం! ఈ క్యాష్ ఆన్ డెలివరీ అనే విద్యని కనిపెట్టింది ఏ కంపెనీవాళ్ళో కాదు. మా ఎదురింటి మేడమ్‌గారు. ఆవిడ పోయిన వర్షాకాలంలో చనిపోయారు గానీ, ఉండుంటే గేటు దాకా వచ్చి, "చూశావా కోటేశ్వరీ! చివరికి లోకం నా దారికే వచ్చింది!" అని ఎగిరి గంతేసేవారు. డెబ్బై దాటినా ఆవిడకి గంతెయ్యడం ఇంకా వచ్చు.

మాది పర్చూరుకి దగ్గర్లో ఓ పల్లె. మిరపా, పత్తీ, కాస్త పొగాకూ. ఆవిడ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఒంటరి మనిషి, మా ఎదురిల్లు అద్దెకి తీసుకుని దిగారు. మా వీధిలో ఓ క్రైస్తవుల టీచరమ్మ దిగడం కొందరికి మింగుడు పడలేదు. మా అత్తగారు కూడా వాళ్ళలో ఒకతే. మొదటి క్రిస్మసుకి మేడమ్‌గారు కేకు పంపిస్తే, ఆవిడ దాన్ని తీసుకెళ్ళి గేదెకి పెట్టింది. గేదె తినేసి ఇంకా కావాలని అరిచింది. మర్నాడు ఎదురింటి గేటు దగ్గర నిలబడి మా అత్తగారే, "టీచరమ్మా, మా గేదె ఇంకోముక్క అడుగుతోంది" అంది. ఆ రెండో ముక్క గేదె దాకా వెళ్ళలేదు.

మేడమ్‌గారి ఆకారం చెప్పాలంటే, సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ ఏదో ఇంటి పైకప్పు చూస్తున్నట్టు తల కాస్త వెనక్కి వంచి నడిచేవారు. కళ్ళజోడు మెళ్ళో లంగా బొందుతో వేలాడేది. ఇంకుపెన్ను పాళీ జుట్టుకి తుడిచేవారు, అందుకని తెల్లజుట్టులో చెవి పక్కన ఎప్పుడూ నీలం చార ఉండేది. మిరపకాయలు ఎండే రోజుల్లో మా ఊరంతా తుమ్ముతుంది, అది మాకు వాన చినుకుల చప్పుడంత మామూలు. మేడమ్‌గారు మాత్రం తుమ్మిన ప్రతిసారీ "ఎక్స్‌క్యూజ్ మీ" అనేవారు. ఎదురుగా మనిషి లేకపోతే గేదెకి చెప్పేవారు. గేదె కూడా లేకపోతే గోడకి చెప్పేవారు.

ఆవిడ దగ్గర అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లండు పల్లెటూళ్ళ వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు రాసుకున్న ఉత్తరాలట. అందులో రాజులూ రాణులూ ఉంటారేమో అనుకుని, ఓ మధ్యాహ్నం పత్తికాయ ఒలుస్తూ, "ఏముందో చెప్పండి మేడమ్‌గారూ" అన్నాను. ఆవిడ అక్కడికక్కడే ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెప్పడం మొదలెట్టారు. మా బాతులు పక్కవాళ్ళ కుంటలోకి పోతున్నాయి. ఈసారి ఆపిల్‌కాయ పుచ్చిపోయింది. రోడ్డంతా బురద, బండి చక్రం దిగబడింది. మీరు పంపిన పంది తొడ అందింది, పాస్టరుగారు మారు వడ్డించుకున్నారు. మా ఇంట్లో అందరికీ జలుబు, మీ ఇంట్లో జలుబులెలా ఉన్నాయి?

నేను పత్తికాయ కింద పడేసి, "ఇదేం పుస్తకమండీ! ఇది మన ఊరేగా!" అన్నాను.

"అదే కదే నేను మొత్తుకునేది!" అని మేడమ్‌గారు లేచి నిలబడ్డారు. "ఈ ఉత్తరాలు రాసే రోజుల్లోనే అవతల పెద్ద యుద్ధం జరుగుతోంది. ఓడలు తగలబడుతున్నాయి. ఈ ఉత్తరం రాసినావిడ యుద్ధం గురించి ఒక్క ముక్క రాసింది, కోడిపెట్ట గురించి రెండు పేజీలు రాసింది. ఎందుకో తెలుసా? యుద్ధం సంగతి పేపరువాడు రాస్తాడు. కోడి సంగతి స్నేహితురాలు తప్ప ఎవరు రాస్తారు?"

ఆ తర్వాత మూడో రోజునో నాలుగో రోజునో, మా పోస్ట్‌మన్ ఏసుదాసు స్కూటరు మా గేటు ముందు ఆగింది. "అక్కా, మీకు బేరింగొచ్చింది. స్టాంపు లేదు. రెట్టింపు కట్టాలి" అన్నాడు. బేరింగనగానే నా గుండెల్లో రాయి పడింది. మా చిన్నప్పుడు స్టాంపు లేని ఉత్తరమంటే ఎవరో పోయారనో, ఎవరో కిట్టనివాళ్ళు తిట్లు రాశారనో అర్థం. డబ్బు కట్టి విప్పాను. నీలం ఇంకు. "నా ప్రియమైన కోటేశ్వరికి, మేము క్షేమం. ఈ ఉదయం మీ ఎర్రపుంజు నా కొత్తిమీర మడిలో ప్రవేశించి, సగం తిని, మిగతా సగం మీద నిలబడి కూసినది..."

తలెత్తి చూశాను. ఎదురింటి గేటు వెనకాల మేడమ్‌గారు చామంతి మొక్కకి నీళ్ళు పోస్తున్నట్టు నటిస్తున్నారు. చేతిలో చెంబు ఖాళీ.

"ఏంటండీ ఇది! ఆ పుంజుని మొన్న ఆదివారమే కోసేశాం! మీరూ తిన్నారుగా!" అని ఇక్కణ్ణుంచే అరిచాను.

ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని, "చదువుకోవాలి" అన్నారు.

అలా మొదలైంది. మా రెండిళ్ళ మధ్య పంచాయతీ రోడ్డు, అదీ ఇరుకుది, ఎదురెదురుగా రెండు ట్రాక్టర్లొస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఆ రోడ్డు దాటడానికి ఆవిడ ఉత్తరం మా ఊరి డబ్బాలోంచి పర్చూరు పోయి, అక్కణ్ణుంచి చీరాల పోయి, మళ్ళీ అదే దారిన తిరిగొచ్చేది. మా పుంజు జన్మలో చూడనన్ని ఊళ్ళు దాని మీద రాసిన ఫిర్యాదు చూసింది.

స్టాంపెందుకు పెట్టరండీ అని అడిగితే, ఆవిడ దగ్గర పెద్ద శాస్త్రమే ఉంది. ఆ ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఉత్తరానికి డబ్బు అందుకున్నవాళ్ళే కట్టేవాళ్ళట. "పంపేవాడు డబ్బు కడితే అందులో ఏముంది కోటేశ్వరీ, ఎవడైనా ఎవడికైనా పంపుతాడు. పెళ్ళి కార్డు పంపడం లేదూ? తీసుకునేవాడు జేబులో చెయ్యి పెట్టి, నీ కబురు నాకు కావాలీ అని విడిపించుకుంటాడు చూడు, వాడు స్నేహితుడు."

"మరి నేను కట్టనంటే?"

"అప్పుడది వెనక్కి నా దగ్గరికే వస్తుంది. నేనే కట్టుకోవాలి. నాకు స్నేహితురాలు లేదని ఏసుదాసుకి తెలిసిపోతుంది." ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు.

ఇంకో తిక్క కూడా ఉంది. కాగితం నిండా మామూలుగా రాసి, దాన్ని పక్కకి తిప్పి, ఆ రాసినదాని మీదే అడ్డంగా మళ్ళీ రాసేవారు. గళ్ళ లుంగీ లాగా ఉండేది ఉత్తరం. ఆ రోజుల్లో కాగితానికింతని వసూలు చేసేవాళ్ళట, అందుకని ఒక్క కాగితంలోనే రెండు కాగితాల కబుర్లు కుక్కేవాళ్ళు. "డబ్బు పెట్టేది అవతలివాళ్ళు గదా, వాళ్ళకి గిట్టుబాటు కావద్దూ?" అనేవారు. ఆ గిట్టుబాటు మాట మా ఆయనకి తెగ నచ్చింది. "ఈ దేశంలో రైతు గిట్టుబాటు గురించి ఆలోచించింది ఈవిడొక్కతేనే" అన్నాడు.

ఉత్తరం వస్తే ఇంటిల్లిపాదికీ పైకి చదివి వినిపించాలి. అదీ ఆ పుస్తకంలోని పద్ధతేనట. మా అత్తగారు మంచం మీద సర్దుకుని కూర్చుని, "ఊఁ, కానీ" అనేది. ఒకసారి మాగాయ కాలంలో వచ్చిన ఉత్తరాన్ని సగం నిలువుగా, సగం అడ్డంగా చదివేశాను. "మీ అత్తగారి మోకాళ్ళకు ఆవపిండి కలిపి, జాడీలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి మూడో నాడు తిరగతిప్పవలెను" అని వచ్చింది. మా అత్తగారు కాళ్ళు గభాల్న లోపలికి లాక్కుని, "ఆమె తిప్పేదేంటే నన్ను!" అంది. ఆ సంగతి రోడ్డు మీదికి కేకేసి చెబితే, మేడమ్‌గారు గేటు పట్టుకుని నవ్వి, నవ్వి, తుమ్మి, "ఎక్స్‌క్యూజ్ మీ" అని, మళ్ళీ నవ్వారు.

ఉత్తరాల్లో ఏముండేదీ అంటే, ఏమీ ఉండేది కాదు. ఆవిడ పిల్లి కడుపుతో ఉంది. చర్చిలో కొత్త హార్మోనియం మెట్టు ఒకటి నొక్కితే పైకి రావడంలేదు, అందుకని పాట ఎక్కడికెళ్ళినా అదే స్వరంలో ఆగుతోంది. పొగాకు బేళ్ళ లారీ వెళ్తుంటే ఊరంతా ఓ మంచి వాసన వచ్చింది. ఎదురింటి కోటేశ్వరి (అంటే నేనే) కొత్త చీర కట్టింది గానీ కుచ్చిళ్ళు కుడివైపు ఎక్కువయ్యాయి. "ఏమీ జరగని రోజే ఉత్తరం రాయాల్సిన రోజు" అనేది ఆవిడ సామెత. ఏమీ జరగని రోజులు మా ఊరికి కొదవా? వారానికి రెండు మూడు వచ్చేవి. ఏసుదాసు మా ఇంటికొచ్చేటప్పటికి చిల్లర సిద్ధంగా తులసికోట పక్కన పెట్టి ఉంచేదాన్ని.

నాకు ఆ ఉత్తరాలంటే అంత ఇష్టం ఉందని నాకే తెలియదు, ఆ వానొచ్చేదాకా.

ఆ ఏడు మిరప విరగ్గాసింది. మా కల్లం మేడమ్‌గారి ఇంటి వెనకాలి ఖాళీ జాగాలోనే. ఎర్రగా పరిచిన కాయ చూస్తే కడుపు నిండేది. పొద్దుగూకేసరికి కుప్ప చేసి మీద పట్టా కప్పేవాళ్ళం. మా ఆయన రోజూ ఫోన్లో వాన లేదని చూసుకుని హాయిగా నిద్రపోయేవాడు. ఓ మధ్యాహ్నం నేను కల్లానికి పోతుంటే మేడమ్‌గారు గేటు దగ్గర కనబడి, కళ్ళెగరేసి, "ఉత్తరం వేశాను" అన్నారు.

"ఏం రాశారేంటి?"

పెదాల మీద వేలు. "చదువుకోవాలి."

మర్నాడు సాయంత్రం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. మేం పరుగెత్తుకెళ్ళేసరికి పట్టాకి పడమటి మూల ఓ చిరుగు, అందులోంచి గాలి దూరి, పట్టాని గొడుగులా ఎత్తి అవతల పారేసింది. కాయంతా నీళ్ళలో తేలుతోంది. తడిసిన కాయ తెల్లబడి తాలవుతుంది. తాలు కాయ వైపు మార్కెట్ యార్డులో ఎవడూ కన్నెత్తి చూడడు. ఏడాది కష్టం అలా కాళ్ళ కింద నానుతుంటే మా ఆయన బురదలో కూర్చుండిపోయాడు.

ఆ తర్వాతి రోజు ఏసుదాసు ఉత్తరం తెచ్చాడు. డబ్బు కట్టి, తడి చేతుల్తోనే విప్పాను. "నా ప్రియమైన కోటేశ్వరికి, నిన్నటి నుండి చీమలు గుడ్లు మోసుకొని నా వంటింటి గోడ ఎక్కుచున్నవి. పడమట మబ్బు అదోరకముగా ఉన్నది. వాన రావచ్చునని నా అనుమానం. మా వెనక కిటికీలోంచి చూడగా మీ పట్టాకు పడమటి మూల చిరుగు కనబడినది. కుట్టించుకొందువు గాక."

మా ఆయన నా చేతిలోంచి లాక్కుని చదివాడు. "పిలిచి చెప్పడానికి నోరు పడిపోయిందా ఈవిడకి! పట్టా చిరిగిందని చీరాల పోస్టాఫీసుకి చెప్పింది గానీ మనకి చెప్పలా!" అని ఆ కాగితాన్ని ఉండ చుట్టి విసిరేశాడు. నాకైతే ఒళ్ళంతా మండిపోయింది. గేటు దగ్గర నిలబడి నవ్వి, వేలు పెట్టుకుని, తెలిసి తెలిసి చెప్పకుండా పోయింది! స్నేహమా ఇది? నాటకమా?

తర్వాత వచ్చిన ఉత్తరాన్ని నేను ముట్టుకోలేదు. "నాకొద్దు ఏసుదాసూ. వెనక్కి పంపెయ్."

"అక్కా, పాపం పెద్దావిడ..."

"పంపెయ్యమన్నానా?"

అతను దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసుకుని, రోడ్డు దాటాడు. ఎదురింటి గేటు దగ్గర మేడమ్‌గారు కొంగున కట్టుకున్న చిల్లర విప్పి అతని చేతిలో పెట్టడం కనబడింది. నేను తలుపేసుకున్నాను. ఇంకోటి వచ్చింది, అదీ వెనక్కే. ఆ తర్వాతిదీ అంతే. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. మేడమ్‌గారు మొక్కలకి నీళ్ళు పోయడం మానేశారు. ఆదివారం చర్చికి గొడుగు ముఖానికి అడ్డంగా పెట్టుకుని పోయేవారు.

మా ఇంట్లో ముందుగా మెత్తబడింది మా అత్తగారు. "ఒసే, ఇంతకీ ఆ పిల్లి ఈనిందా?" అంది ఓ పూట, అన్నం కలుపుకుంటూ.

"నాకేం తెలుసు?"

"కడుపుతో ఉందని రాసింది గదా. ఎన్ని పిల్లల్ని పెట్టిందో. ఆ పాడు కోపం పిల్లి మీదెందుకే?"

నిజం చెప్పొద్దూ, నాకూ అదే తొలుస్తోంది. తులసికోట పక్కన చిల్లర అలాగే ఉంది. పొద్దున ఏసుదాసు స్కూటరు చప్పుడు వినగానే కాళ్ళు గేటు వైపు పోయేవి, కోపం వెనక్కి లాగేది. కాయ పోయినందుకు ఏడ్చిన ఏడుపు ఏడ్చేశాను, అది ఏటేటా ఉండేదే. మనిషి పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం?

అలాంటి ఓ పొద్దున ఏసుదాసు వచ్చి, ఉత్తరం నా చేతిలో పెట్టేసి స్కూటరు తిప్పుకున్నాడు.

"డబ్బులో?"

"అక్కర్లేదక్కా. స్టాంపు అంటించారు."

నేను దాన్ని తిప్పి చూశాను. మూలన, చక్కగా, వంకర లేకుండా అంటించిన స్టాంపు. చెంప మీద కొట్టినట్టయింది. మంచం మీంచి మా అత్తగారు, "స్టాంపా! హవ్వ! అంత మాటా!" అని నోరు నొక్కుకుంది. విప్పాను. "గౌరవనీయులైన శ్రీమతి కోటేశ్వరమ్మగారికి, నమస్కారములు. వాన విషయము నోటితో చెప్పవలసినది. చెప్పలేదు. తమకు జరిగిన నష్టమునకు నేనే కారణము. క్షమించగలరు." అంతే. ఒక్క వైపే రాశారు. అడ్డంగా ఒక్క గీత లేదు. కింద కాగితమంతా తెల్లగా ఖాళీ.

ఆ గౌరవనీయులు చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తమకు చూసి కోపం నషాళానికంటింది. చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటి, వాళ్ళ గేటు తోసుకుని లోపలికి పోయాను.

"ఏంటండీ ఈ స్టాంపు?"

మేడమ్‌గారు కుర్చీలోంచి లేచి, "నువ్వు డబ్బు కట్టనంటున్నావు గదమ్మా... మరి చేరాలి కదా అని..." అని నసిగారు.

"కట్టనంటే అంటించేస్తారా? మున్సబుగారికి అర్జీ పెట్టినట్టు గౌరవనీయులా? తమకూ, క్షమించగలరూనా? నేనేమన్నా పరాయిదాన్నా? ఒక మనిషి అలిగితే ఇంకో నాలుగు బేరింగులు పంపించలేరా? అంత కరువొచ్చిందా?"

"మీ కాయ..."

"కాయ సంగతి కాయది! ఈ కాగితం కింద ఇంత ఖాళీ ఎందుకొదిలారో చెప్పండి ముందు. పిల్లి ఈనిందా లేదా?"

ఆవిడ నోరు తెరిచారు. తుమ్మొచ్చింది. "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూనే బావురుమన్నారు. నేనూ బావురుమన్నాను. రోడ్డవతల్నుంచి మా అత్తగారు, "ఎన్నంటే?" అని అరుస్తోంది. మూడు పిల్లలు. ఒకటి తెల్లది, రెండు చారలవి.

ఆ రోజు వాకిట్లోనే రాజీ కుదిరింది. వానా, నిప్పూ, పామూ, ఈ మూడూ నోటితో చెప్పాలి, అప్పటికప్పుడు, గట్టిగా. మిగతా లోకమంతా పోస్టులో. తాలు కాయ ఓ బస్తా తన ఇంటికి పంపించమని మేడమ్‌గారు పట్టుబట్టారు. అదే కారం కొట్టించుకుని, ఆ ఏడంతా ఆవిడ తెల్లటి కూరలు తిన్నారు. ఎవరైనా ఇదేం కూరండీ అంటే, "నా ఉత్తరం ఫలితం" అనేవారు.

రాజీ అయితే కుదిరింది గానీ దానివల్ల మాకొచ్చిన తిప్పలు అంతా ఇంతా కాదు. ఆకాశంలో అరచెయ్యంత మబ్బు కనబడితే చాలు, "కోటేశ్వరీ! వానా!" అని వీధి అదిరేలా కేక. మా ఆయన పంచె ఎగ్గట్టుకుని కల్లానికి పరుగు. చుక్క పడేది కాదు. ఓ రోజు "పామూ!" అంటే ఊరంతా కర్రల్తో వచ్చింది. అది మా ఆయన ఆరేసిన మోటారు బెల్టు. ఇంకోరోజు "నిప్పూ!" అన్నారు. పక్కింటాయన చుట్ట. చివరికి మా ఆయన రోడ్డు దాటి వెళ్ళి, రెండు చేతులూ జోడించి, "మేడమ్‌గారూ, మీకు దణ్ణం పెడతా. ఉత్తరమే రాయండి. కావాలంటే డబ్బులు నేను కడతా" అన్నాడు. ఆవిడ అంత సంతోషపడ్డం నేనెప్పుడూ చూడలేదు. మూడో నాడు మా ఆయన పేరు మీద ఓ గళ్ళ లుంగీ వచ్చింది. గొణుక్కుంటూ డబ్బు కట్టి, చాటుగా పశువుల పాకలోకి తీసుకెళ్ళి చదువుకున్నాడు.

ఆవిడకి నా మీద ఒకే ఒక్క ఫిర్యాదు. "ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఒక్క ఉత్తరం రాయలేదే."

"ఎదురుగా ఉన్నారు గదండీ. కేకేస్తే సరిపోలేదూ?"

"కేక గాలికి పోతుంది కోటేశ్వరీ. ఉత్తరమైతే చీరాల పోయి మళ్ళీ వస్తుంది." రాస్తాను లెండి అనేదాన్ని. పిండి రుబ్బాలి, గేదె పాలు పితకాలి, రేపు రాద్దాం అనుకునేదాన్ని. శ్రావణంలో ఓ తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే పోయారు. చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడి తీసుకెళ్ళారు. ఆ హార్మోనియం మెట్టు ఇంకా బాగు చేయించలేదు, పాట అదే స్వరం దగ్గర ఆగింది. ఏడుస్తూ ఏడుస్తూ నాకు నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వినందుకు ఆవిడ ఏమీ అనుకోరని నాకు తెలుసు.

ఈమధ్యే ఆ ఇంట్లో ఓ అమ్మాయి దిగింది. పర్చూరులో ఏదో బ్యాంకులో ఉద్యోగం. చెవుల్లో తీగలు పెట్టుకుని, స్కూటీ మీద రయ్యిన పోతుంది, రయ్యిన వస్తుంది. కనబడితే తలూపుతుంది, నేనూ ఊపుతాను. అంతవరకే.

మొన్న ఆ కొరియరతను పోయాక నాకు పని సాగలేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను. "ప్రియమైన మేడమ్‌గారికి, మేము క్షేమం. అందరికీ తుమ్ములు. మీకు తుమ్ములెలా ఉన్నాయి?" అని మొదలెట్టాను. ఇంక చెయ్యి ఆగలేదు. మా ఆయన నుదుటికి టార్చి కట్టుకుని పట్టపగలు ఊళ్ళో తిరుగుతున్నాడనీ, అత్తగారు కట్టుడు పళ్ళు ఉప్పుజాడీలో దాచి మర్చిపోయిందనీ, ఈసారి పట్టాలు కొత్తవి కొన్నామనీ, మీరు లేక వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడంలేదనీ. కాగితం నిండింది. పక్కకి తిప్పి, అడ్డంగా మళ్ళీ మొదలెట్టాను. చివరికి, "గేదె నిండు చూలు. పాకలోంచి అరుస్తోంది. నొప్పులు మొదలైనట్టున్నాయి, ఉంటాను" అని ముగించాను. మేడమ్‌గారి పేరు, ఎదురింటి నంబరు రాసి, వెనకవైపు నా పేరు రాసి, స్టాంపు పెట్టకుండా డబ్బాలో వేశాను. తీసుకునే మనిషి లేదు, తిరిగి నా దగ్గరికే వస్తుంది, నేనే డబ్బు కట్టి విడిపించుకుంటాను అనుకున్నాను. ఆవిడకి ఒక్క ఉత్తరమైనా రాసినట్టుంటుంది.

అది చీరాల చూసి వచ్చింది. మూడో నాటి పొద్దున ఏసుదాసు దాన్ని చేత్తో పట్టుకుని, నా వైపోసారి, ఎదురింటి వైపోసారి చూసి, అడ్రసు ప్రకారం ఎదురింటి గేటు ముందే ఆగాడు. ఆ అమ్మాయి బ్యాంకుకి బయల్దేరుతోంది. ఏదో అడిగింది. ఇతను చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి చెవుల్లోని తీగలు తీసేసి, హ్యాండుబ్యాగులో చెయ్యి పెట్టింది. నేను తులసికోటకి నీళ్ళు పోస్తున్నాను. చెంబు ఖాళీ అయిపోయిందని తర్వాత చూసుకున్నాను.

సాయంత్రం స్కూటీ చప్పుడు ఎదురింటి ముందు ఆగలేదు, మా గేటు ముందు ఆగింది. ఆ అమ్మాయి ఉత్తరాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, సారీ. ఇది నాకు కాదని తెలుసు. ఆ మేడమ్‌గారు లేరని పోస్టాయన చెప్పాడు. తీసుకోకపోతే వెనక్కి పోతుందన్నాడు, ఎందుకో మనసొప్పక డబ్బులిచ్చేశా. బ్యాంకులో కూర్చుని నిలువుగా చదివా. తర్వాత అడ్డంగా చదివా. మా క్యాషియరుకి కూడా చదివి వినిపించా." ఊపిరి పీల్చుకుంది. తుమ్మింది. ముక్కు తుడుచుకుంటూ, "ఇంతకీ ఆంటీ, గేదె ఏం ఈనింది?" అంది.

లోపల్నుంచి మా అత్తగారు మంచం దిగుతున్న చప్పుడు. "చెప్పకే! ఒసేయ్ కోటేశ్వరీ, నోటితో చెప్పకే!"

చెప్పబోయినదాన్ని నోరు మూసుకున్నాను. ఆ అమ్మాయి ముఖంలోకి చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాను.

"చదువుకోవాలి" అన్నాను.